పటకారుతో కరెంటు పట్టుకుని బండి నాడి చూద్దాం

బోరు మోటారు స్టార్టర్ డబ్బా మీద ఆంప్ మీటరు ఉంటుంది కదా. దాన్ని మన రాయలసీమ రైతు చూసినంత శ్రద్ధగా ఇంజనీరింగ్ చదివేవాళ్లం కూడా చూడమేమో. ముల్లు రోజూ నిలబడే చోటు కంటే కిందికి దిగిందంటే బోరులో నీళ్లు తగ్గాయి, మోటారు ఊరికే తిరుగుతోంది అని అర్థం. పైకి ఎక్కిందంటే బేరింగన్నా పట్టేసింది, ఇసుకన్నా చేరింది, లేదా వోల్టేజీ సరిగా రావడం లేదు. వందల అడుగుల లోతున ఉన్న మోటారును పైకి లాగకుండానే గట్టు మీద నిలబడి దాని సంగతి చెప్పేస్తారు. మోటారు ఎంత కష్టపడుతోందో కరెంటు చెబుతుందన్న విషయం వాళ్లకు ఏ సిలబస్సూ నేర్పలేదు, ఎండిపోయిన బోర్లే నేర్పాయి.

ఈ వ్యాసంలో అదే తెలివిని బండ్లకు వాడటం ఎలాగో చూద్దాం. కావలసినవి రెండే వస్తువులు: ఒక లో ఆంప్ ప్రోబ్, ఒక ఆసిలోస్కోప్. రెండోది మన ల్యాబులో ఉంది. మొదటిది చాలామంది చూసి ఉండరు.

ఇప్పుడు ఇది ఎందుకంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. అప్పటిదాకా కార్బరేటర్‌తో నడిచిన బైకులు, ఆటోలు చాలావరకు ఇంజెక్షన్‌కి మారాయి. అంటే వేంపల్లె లాంటి ఊళ్లో రోడ్డు పక్క రేకుల షెడ్డులోకి వచ్చే చిన్న బండిలో కూడా ఇప్పుడు ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు, ఇంజెక్టర్, సెన్సార్లు, ఒక కంప్యూటరు ఉన్నాయి. షెడ్డులో చేతులు మాత్రం అవే, పనిముట్లు అవే: స్పానర్లు, టెస్ట్ లైటు, అదృష్టం ఉంటే ఒక మల్టీమీటరు. ఏ పార్టు పోయిందో తెలియక ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, ఆ ఖర్చంతా బండి యజమాని మీదే పడుతుంది.

మల్టీమీటరు ఎక్కడ ఆగిపోతుంది

మల్టీమీటరు సెకనుకి రెండు మూడు సార్లు అంకె మారుస్తుంది. అది చూపించేది సగటు. క్లాసు సగటు 60 మార్కులు అంటే ఎవరు ఫెయిలయ్యారో తెలియదు కదా, ఇదీ అంతే.

లెక్క చూద్దాం. పెట్రోల్ పంపు మోటారు నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంది అనుకోండి. అంటే సెకనుకి 100 చుట్లు. దాని కమ్యుటేటర్‌కి 8 రాగి పలకలు ఉంటే సెకనుకి 800 సార్లు కరెంటు పెరిగి తగ్గుతుంది. అందులో ఒక్క పలక కాలిపోయి ఉన్నా మీటరు మీద అంకె 4.2కి బదులు 4.1 చూపిస్తుందేమో, అంతే. ఎవరు అనుమానిస్తారు? టెస్ట్ లైటు అయితే ఇంకా అమాయకం. వోల్టేజీ వస్తోందా లేదా అని మాత్రమే చెబుతుంది. వచ్చిన వోల్టేజీతో పని జరుగుతోందా అన్నది దానికి తెలియదు.

స్కోపు అలా కాదు. కాలాన్ని అడ్డంగా పరిచి, ప్రతి మిల్లీసెకనులో ఏం జరిగిందో గీసి చూపిస్తుంది. అయితే స్కోపు చూడగలిగేది వోల్టేజీని మాత్రమే. కరెంటును వోల్టేజీగా మార్చి ఇచ్చే మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తే ప్రోబ్.

ప్రోబ్ లోపల ఏముంది

మన ఎలక్ట్రీషియన్లు వాడే మామూలు టాంగ్ టెస్టర్ మీలో చాలామంది చూసే ఉంటారు. చూడటానికి మన ప్రోబ్ కూడా అలాగే పటకారు లాగా ఉంటుంది. కానీ మామూలు టాంగ్ టెస్టర్ ఒక ట్రాన్స్‌ఫార్మర్. మారుతూ ఉండే కరెంటునే, అంటే ఏసీనే అది కొలుస్తుంది. బండి బ్యాటరీ నుంచి వచ్చే నిలకడ డీసీని దాంతో పట్టుకుంటే సున్నా చూపిస్తుంది.

డీసీ కొలవాలంటే హాల్ ఎఫెక్ట్ కావాలి. 1879లో ఎడ్విన్ హాల్ దీన్ని కనిపెట్టినప్పుడు ఆయన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మనలాంటి విద్యార్థే. కరెంటు పారుతున్న పలుచటి లోహపు రేకుకి అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెడితే, రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుంది. ప్రోబ్ దవడల్లో ఇనుప కోర్ ఉంటుంది, ఆ కోర్‌లో ఒక సందు, ఆ సందులో హాల్ సెన్సార్. దవడల మధ్య తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కోర్ దాన్ని పోగుచేసి సెన్సార్‌కి అందిస్తుంది. సెన్సార్ దానికి తగ్గ వోల్టేజీ బయటికి ఇస్తుంది.

బండి పనికి దొరికే లో ఆంప్ ప్రోబులకు సాధారణంగా రెండు స్కేళ్లు ఉంటాయి. ఒకటి ఆంపియరుకి 100 మిల్లీవోల్టులు, రెండోది ఆంపియరుకి 10 మిల్లీవోల్టులు. మొత్తం మీద పదుల మిల్లీఆంపియర్ల నుంచి దాదాపు 60 ఆంపియర్ల దాకా కొలుస్తాయి. పంపు, ఇంజెక్టర్, కాయిల్ అన్నీ ఈ హద్దులోపలే. స్టార్టర్ మోటారు మాత్రం తిరగడం మొదలుపెట్టేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది, దానికి పెద్ద క్లాంపు వేరే ఉంటుంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, తీగ తెంపక్కర్లేదు, గుచ్చక్కర్లేదు, కనెక్టర్ ఊడదీయక్కర్లేదు. బండి నడుస్తుండగానే తీగ చుట్టూ పట్టుకుంటే చాలు.

పట్టుకునే ముందు

ఐదు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, ఒక్క తీగనే పట్టుకోవాలి. వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ రెండూ దవడల మధ్య పడితే రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది.

రెండు, ప్రోబ్ మీద బాణం గుర్తు ఉంటుంది. కరెంటు అటువైపు పారితే గీత పైకి లేస్తుంది, తిరగేసి పట్టుకుంటే కిందికి పోతుంది. అలా పోయినా ప్రమాదమేమీ లేదు, తిప్పి పెట్టుకోండి.

మూడు, పట్టుకునే ముందు సున్నా చేయాలి. భూమి అయస్కాంతత్వం కూడా సెన్సార్‌కి తగులుతుంది. అందుకే ప్రోబును కొలిచే చోట, కొలిచే దిశలోనే ఉంచి, తీగ లేకుండా దవడలు మూసి సున్నా బటన్ నొక్కాలి. బల్ల మీద సున్నా చేసి తీసుకెళ్లి బానెట్ కింద నిలువుగా పెడితే కొంచెం తేడా వస్తుంది.

నాలుగు, తీగ దొరకకపోతే ఫ్యూజు బాక్సు దగ్గరికి వెళ్లండి. ఫ్యూజు తీసి, ఆ స్థానంలో అదే రేటింగు ఫ్యూజు కలిపిన చిన్న తీగ లూపు పెడితే ప్రోబ్ పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఉత్త తీగ మాత్రం పెట్టొద్దు. అక్కడ షార్ట్ అయితే కాలేది వైరింగే.

ఐదు, స్కోపు సెట్టింగు. ప్రోబ్ ఆంపియరుకి 100 మిల్లీవోల్టుల స్కేలులో ఉంటే, స్కోపులో ఒక గడికి 100 మిల్లీవోల్టులు పెట్టండి. అప్పుడు ఒక గడి అంటే ఒక ఆంపియరు, లెక్క తేలిక. స్కోపు ఛానెల్ సెట్టింగులో ప్రోబ్ అటెన్యుయేషన్ ఒకటికి ఒకటి ఉందో లేదో చూసుకోండి. కాలం గడులు పంపుకి 2 మిల్లీసెకన్లు, ఇంజెక్టర్‌కి, కాయిల్‌కి 1 మిల్లీసెకను దగ్గర మొదలుపెట్టొచ్చు.

పెట్రోల్ పంపు: గుట్టల వరస

పంపు తీగను పట్టుకుంటే తెర మీద చిన్న చిన్న గుట్టలు వరసగా కనిపిస్తాయి. బ్రష్షు ఒక రాగి పలక దాటి ఇంకో పలక మీదికి వెళ్లిన ప్రతిసారీ ఒక గుట్ట. చాలా ఇంజెక్షన్ పంపుల్లో పలకలు 8, కొన్నింటిలో వేరే సంఖ్య ఉండొచ్చు. 8 అయితే ఎనిమిది గుట్టలకు ఒక చుట్టు. ఎనిమిది గుట్టలకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కొలిచి, 60,000ని ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వచ్చేస్తుంది. 10 మిల్లీసెకన్లు పడితే 6,000 చుట్లు. ట్యాంకులో మునిగి ఉన్న మోటారు వేగం, ట్యాంకు తెరవకుండానే మన చేతికి వచ్చింది.

ఇప్పుడు కరెంటు, వేగం రెండూ ఉన్నాయి కాబట్టి బోరు లెక్క వేసుకోవచ్చు. 

కరెంటు ఎక్కువ, వేగం తక్కువ: పంపు దేన్నో బలంగా నెట్టాల్సి వస్తోంది. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, పంపు లోపల బిగుసుకుని ఉండొచ్చు.

కరెంటు తక్కువ, వేగం ఎక్కువ: నెట్టడానికి ఎదురు లేదు. పెట్రోలు అందడం లేదు, లేదా ప్రెషర్ రెగ్యులేటర్ తెరుచుకుని ఉండిపోయింది. ఎండిన బోరు కేసు ఇదే.

కరెంటూ తక్కువే, వేగమూ తక్కువే: పంపుకి తిండి సరిపోవడం లేదు. రిలే కాంటాక్టులోనో, ఎర్త్ పాయింట్ తుప్పులోనో వోల్టేజీ దారిలో పోతోంది. రెండో ఛానెల్‌తో పంపు పిన్నుల దగ్గర వోల్టేజీ చూస్తే తేలిపోతుంది.

గుట్టల్లో ఒకటి మాత్రం ప్రతిసారీ లోతుగా పడిపోతోంది: కమ్యుటేటర్ పలకో, దానికి అతికిన చుట్టో పోయింది. చెడిన పలక రెండు బ్రష్షుల కిందికీ వస్తుంది కాబట్టి ఒక్కోసారి చుట్టుకి రెండు గుంతలు కూడా కనిపించొచ్చు. ఎన్ని గుంతలు అన్నదానికంటే, అవి లెక్క తప్పకుండా తిరిగి వస్తున్నాయా అన్నది ముఖ్యం.

వేంపల్లె షెడ్డులో ఒక వ్యాను

ఈ నాలుగో రకం నేను సెలవుల్లో మా ఊళ్లోనే చూశాను. కడప–పులివెందుల రోడ్డు పక్క షెడ్డుకి ఒక చిన్న పెట్రోల్ గూడ్సు వ్యాను వచ్చింది. అరటి గెలలు, కూరగాయలు తోలుకునే బండి. జబ్బు ఏమిటంటే, అరగంట నడిచాక ఆగిపోతుంది. మరో అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఎండలో లోడు పెట్టుకుని రోడ్డు మీద ఆగితే అరటికి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అంతకు ముందే వేరే ఊళ్లో ఒక చోట పంపు రిలే, ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చారు. చివరికి ఈసీఎం, అంటే బండి కంప్యూటరే పోయి ఉంటుంది, అది మారిస్తే గానీ కాదు అన్నారు.

డ్రైవరన్న నాతో అన్నది ఒకటే మాట: "ఈసీఎం అంటే నా బండి కంతులు మూడు నెలలవి పోతాయబ్బీ. మార్చినంక కూడా ఆగిపోతే నేను యాడికి పోవాల?"

వాళ్ల తప్పు పట్టడానికి లేదు. బండి షెడ్డుకి చేరేసరికి చల్లారి ఉంటుంది. టెస్ట్ లైటు వెలుగుతుంది, పంపు శబ్దం వినిపిస్తుంది, ఇంజను తిరుగుతుంది. జబ్బు లేని వేళ వైద్యం చేయడం ఎవరికైనా కష్టమే.

షెడ్డు అన్న నా చేతిలో ప్రోబ్ చూసి, "ఏందబ్బీ, ఆ పటకారుతో కరెంటు పట్టుకుంటావా?" అన్నాడు. "పట్టుకుంటానన్నా, బండి ఒకసారి స్టార్ట్ చెయ్యండి" అన్నాను.

పంపు ఫ్యూజు దగ్గర లూపు పెట్టి ప్రోబ్ పట్టించాం. రెండో ఛానెల్ పంపు కనెక్టర్ దగ్గర, దాని రెండు పిన్నుల మధ్య వోల్టేజీకి. చల్లగా ఉన్నప్పుడే తెర మీద విషయం కనిపించింది. సగటు 4.2 ఆంపియర్లు, ఎనిమిది గుట్టలకు 11 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి దాదాపు 5,450 చుట్లు. రెండు అంకెలకూ వంక పెట్టడానికి లేదు. కానీ గుట్టల మధ్య ఒక గుంత, మిగతావాటి కంటే బాగా లోతు, ఒకే ఎడంతో తిరిగి తిరిగి వస్తోంది.

బండిని అక్కడే నడిపిస్తూ వదిలేశాం. ఎండ పైన ఉంది, పావుగంట, ఇరవై నిమిషాలు. గుంత లోతవుతూ వచ్చింది. కాసేపటికి గుంత అడుగు దాదాపు సున్నా ఆంపియర్లకు తగులుతోంది. ఇంకొంచెం సేపటికి ఇంజను దగ్గి ఆగిపోయింది. వెంటనే కీ ఆపి మళ్లీ ఆన్ చేయించాను. కీ ఆన్ చేయగానే ఈసీఎం ఒకటి రెండు సెకన్లు పంపుకి సరఫరా ఇస్తుంది కదా, ఆ కాసేపట్లో తెర మీద రెండు గీతలు: వోల్టేజీ 12.1, కరెంటు సున్నా.

ఇక్కడ ఆగి ఆలోచించండి, ఈ వ్యాసంలో ముఖ్యమైన చోటు ఇదే.

పంపు కనెక్టర్‌లో రెండు పిన్నుల మధ్య 12.1 వోల్టులు వచ్చాయంటే ఈసీఎం ఆర్డరు ఇచ్చింది, రిలే మూసుకుంది, ఫ్యూజు బాగుంది, ఎర్త్ కూడా అందుతోంది. ముద్దాయిల్లో నలుగురు ఒక్క కొలతతో విడుదల. వోల్టేజీ ఉండి కరెంటు లేదంటే దారి తెగింది, ఆ తెగిన చోటు కనెక్టర్‌కి అవతల, ట్యాంకు వైపు.

ట్యాంకు వైపు ఇద్దరు మిగిలారు: పంపు మోటారు, దానికి వెళ్లే లోపలి తీగ లేదా పిన్ను. ఎవరు? దానికి జవాబు బండి ఆగకముందే తీసుకున్న బొమ్మలో ఉంది. వదులు పిన్ను అయితే కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు తెగుతుంది, దానికి తాళం ఉండదు. ఈ గుంత మాత్రం మోటారు చుట్టుతో కలిసి అడుగు వేస్తోంది. తాళం తప్పకుండా తిరిగేది బండిలో ఆ దారిలో ఒక్కటే, మోటారు ఆర్మేచరు. కాబట్టి తప్పు కమ్యుటేటర్‌ది. వేడెక్కే కొద్దీ చెడిన చోట కాంటాక్టు పాడైంది, వేగం తగ్గి ఆ పలక మీదే బ్రష్షు నిలబడిపోయినప్పుడు మోటారు ఆగింది.

ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో నెమ్మదిగా రెండు దెబ్బలు వేస్తే బండి స్టార్టయ్యింది. ఆర్మేచరు కాస్త కదిలి బ్రష్షు మంచి పలక మీదికి జరిగిందన్నమాట. ఇది రిపేరు కాదు, రుజువు మాత్రమే. పంపు మార్చాక గుట్టలన్నీ సమానంగా వచ్చాయి, ఎనిమిదింటికి 10 మిల్లీసెకన్లు. గంటకు పైగా నడిపినా ఆగలేదు. పాత పంపు కోసి చూస్తే ఒక పలక నల్లగా మాడిపోయి ఉంది. పంపుకి అయిన ఖర్చు ఈసీఎం ధరలో చిన్న భాగం.

ఎందుకు మాడింది అన్నది ఇంకో ప్రశ్న. ట్యాంకులోని పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే. మూడు వందలకు, రెండు వందలకు పోయించుకుంటూ ట్యాంకు ఎప్పుడూ అడుగంటించి నడిపితే, అందులోనూ మా కడప జిల్లా ఎండల్లో, పంపు వేడికి త్వరగా పాడవుతుంది. షెడ్డు అన్న డ్రైవరన్నకి అదే చెప్పాడు: "పావు ట్యాంకుకి తక్కువ కానీయొద్దు సామీ." చెప్పడం తేలికే. రోజు బాడుగ వస్తే గానీ పెట్రోలు పోయించుకోలేని వాళ్లకు పావు ట్యాంకు కూడా పెట్టుబడే.

ఇంజెక్టర్: వంపులో చిన్న నొక్కు

ఇంజెక్టర్ ఒక కాయిల్. కాయిల్‌కి వోల్టేజీ ఇస్తే కరెంటు ఒక్కసారిగా లేవదు, వంపు తిరిగి ఎక్కుతుంది. ఇండక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చే కాలంలో తుది విలువలో 63 శాతానికి చేరుతుంది. సెకండ్ సెమిస్టర్‌లో ఆ గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. బండిలో అదే గ్రాఫు సెకనుకి పదుల సార్లు గీసుకుంటూ ఉంటుంది.

మామూలు పెట్రోల్ ఇంజెక్టర్ రెసిస్టెన్స్ 12 నుంచి 16 ఓములు. 14 ఓములనుకుంటే, ఇంజను నడిచేటప్పుడు 14 వోల్టులకు కరెంటు ఒక ఆంపియరు దాటదు. ఆ ఎక్కే వంపులో ఒక చోట చిన్న నొక్కు కనిపిస్తుంది. లోపల సూది లేచే క్షణం అది. ఇనుప ముక్క అయస్కాంత క్షేత్రంలో కదిలితే ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటు ఎక్కడాన్ని ఒక్క క్షణం ఆపుతుంది, ఆ ఆగుడే నొక్కు.

దీని విలువ ఎంతో చూడండి. సూది జిగురు పట్టి ఇరుక్కుపోయిన ఇంజెక్టర్‌ని ఓమ్ మీటరు పెట్టి కొలిస్తే 14 ఓములే చూపిస్తుంది, ఎందుకంటే కాయిల్ బాగానే ఉంది. కరెంటు బొమ్మలో మాత్రం వంపు నున్నగా, నొక్కు లేకుండా వస్తుంది. నాలుగు ఇంజెక్టర్లకూ వెళ్లే ఉమ్మడి తీగను పట్టుకుంటే నాలుగు వంపులూ వరసగా వస్తాయి. మూడింట్లో నొక్కు ఒకే చోట ఉండి నాలుగోదాంట్లో ఆలస్యంగా వస్తే ఆ ఇంజెక్టర్ బద్ధకిస్తోందని అర్థం. అన్ని డిజైన్లలోనూ నొక్కు స్పష్టంగా కనిపించదు, కాబట్టి అదే బండిలో పక్క ఇంజెక్టర్‌తో పోల్చుకోవడమే మేలు.

కాయిల్: ఏటవాలు గీత

ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ ఒక ఓము లోపలే ఉండటం మామూలు. అర ఓము అనుకుంటే 12 వోల్టులకు 24 ఆంపియర్లు రావాలి. అంతదాకా పోనీయరు. నిలకడ విలువకు చేరే చాలా ముందే కరెంటును తెంపేస్తారు, ఆ తెంపినప్పుడే స్పార్కు. అందుకే తెర మీద ఏటవాలు గీత పైకి ఎక్కి, నిలువుగా కిందపడి, రంపపు పన్ను లాగా ఉంటుంది.

ఏటవాలు ఎంత ఉండాలి? వోల్టేజీని ఇండక్టెన్స్‌తో భాగించండి. 12 వోల్టులు, 4 మిల్లీహెన్రీలు అయితే మిల్లీసెకనుకి 3 ఆంపియర్లు. రెండున్నర మిల్లీసెకన్లలో 7.5 ఆంపియర్లు. లోపల కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతే ఇండక్టెన్స్ పడిపోతుంది, గీత మొదట్లోనే గోడలాగా నిటారుగా లేస్తుంది. ఓమ్ మీటరుకి ఈ తేడా అందడం కష్టం, ఎందుకంటే ఉన్నదే అర ఓము, అందులో కొన్ని చుట్లు తగ్గితే ఎంత మారుతుంది? తీగలోనో కనెక్టర్‌లోనో రెసిస్టెన్స్ చేరితే ఇంకోలా ఉంటుంది, గీత ఎక్కలేక పైన వంగిపోతుంది.

వేడి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 80కి వెళ్తే ఇరవై శాతం దాకా పెరిగినట్టు. అందుకే చల్లటి బండి కొలతని వేడి బండి కొలతతో పోల్చొద్దు. వేడెక్కితేనే వచ్చే జబ్బుని వేడి మీదే కొలవాలి.

రాత్రిళ్లు కారిపోయే కరెంటు

"పొద్దున్నే స్టార్టవదు" అనేది షెడ్డుకి వచ్చే ఇంకో ఫిర్యాదు. కొత్త బ్యాటరీ వేస్తారు, వారానికి మళ్లీ అదే. బండి నిద్రపోయాక కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. సాధారణంగా 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదంటారు. అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమో, చౌక జీపీఎస్సో 400 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకి 9.6. అప్పుడు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో ఖాళీ.

ఇక్కడ ప్రోబ్‌కి ఒక ఇబ్బంది ఉంది. ఆంపియరుకి 100 మిల్లీవోల్టుల స్కేలులో 50 మిల్లీఆంపియర్లు అంటే 5 మిల్లీవోల్టులే. సున్నా కొంచెం జరిగినా అంత తేడా వస్తుంది. దీనికి మన లైన్‌మెన్‌లు కూడా వాడే పాత ఉపాయం ఉంది: తీగని దవడ చుట్టూ పది చుట్లు తిప్పండి. కరెంటు అదే, క్షేత్రం పదింతలు. తెర మీద 50 మిల్లీవోల్టులు వస్తుంది, చదివినదాన్ని పదితో భాగించుకోండి. లావు బ్యాటరీ కేబుల్ చుట్టలేం కాబట్టి, నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో ఫ్యూజు ఉన్న సన్నటి తీగ కలిపి, దాన్ని చుట్టాలి. ఆ తీగ ఉండగా స్టార్టర్ మాత్రం కొట్టొద్దు.

స్కోపు కాలం గడిని పది సెకన్లకు పెట్టి వదిలేయండి. కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రలోకి జారడం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అన్నీ పడుకోవడానికి కొన్ని బండ్లకు అరగంట కూడా పట్టొచ్చు. అందాకా తలుపు తెరవొద్దు, తాళం తిప్పొద్దు. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు గీత దిగుతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు.

జాగ్రత్తలు

ల్యాబు స్కోపు కరెంటు ప్లగ్గుతో నడుస్తుంది, దాని గ్రౌండు క్లిప్పు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండు ఛానెళ్ల గ్రౌండులూ లోపల ఒకటే. వోల్టేజీ కొలిచేటప్పుడు ఒక క్లిప్పు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి పాజిటివ్ వైపు పెడితే స్కోపులోంచే షార్ట్. వీలైతే బ్యాటరీతో నడిచే స్కోపు వాడండి.

కాయిల్ ప్రైమరీలో కరెంటు తెంపినప్పుడు వోల్టేజీ 300 దాటి ఎగురుతుంది. అటెన్యుయేటర్ లేకుండా స్కోపు నేరుగా కలపొద్దు. కరెంటు ప్రోబ్‌తో అయితే ఆ భయం లేదు, తీగ తొడుగు పైనే ఉంటుంది కదా.

కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్ల తీగల్లో బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ ఉంటుంది, గుచ్చొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు. నడుస్తున్న ఇంజను దగ్గర ప్రోబ్ తీగ ఫ్యాను బెల్టుకి దూరంగా కట్టుకోండి. పెట్రోల్ ట్యాంకు తెరిచే పని బ్యాటరీ విప్పాకే.

ల్యాబులో చేసి చూడండి

బండి లేకపోయినా ఈ మూడూ చేయొచ్చు. 

1. ఒక చిన్న బ్రష్ డీసీ మోటారుని 12 వోల్టుల సప్లైకి కలిపి, తీగని ప్రోబ్‌కి పది చుట్లు చుట్టి గుట్టలు చూడండి. ఇరుసును గుడ్డతో నెమ్మదిగా పట్టుకుని బరువు పెంచితే కరెంటు ఎక్కి గుట్టలు ఎడం జరుగుతాయి. 

2. పాత ఇంజెక్టర్ ఒకటి షెడ్డులో అడిగి తెచ్చుకోండి. మాస్‌ఫెట్‌తో 3 మిల్లీసెకన్ల పల్సులు ఇచ్చి నొక్కు వెతకండి. మాస్‌ఫెట్‌కి డయోడు రక్షణ మర్చిపోవద్దు. 

3. బల్బు వెలిగే మొదటి మిల్లీసెకన్లు పట్టుకోండి. చల్లటి ఫిలమెంటు రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి కరెంటు ఒక్కసారి ఎంత ఎత్తు ఎగిరి దిగుతుందో కొలవండి. స్విచ్చు వేసినప్పుడే బల్బులు ఎక్కువగా ఎందుకు పోతాయో అప్పుడు తెలుస్తుంది.

తీసిన ప్రతి మంచి బొమ్మనూ బండి పేరు, పార్టు, వేడా చల్లనా, వోల్టేజీ ఎంత అన్నవి రాసి దాచుకోండి. చెడ్డ బొమ్మను గుర్తుపట్టాలంటే మంచి బొమ్మ ముందే చూసి ఉండాలి. మన దగ్గర స్కోపులు ఉన్నాయి, ఊళ్లో షెడ్డుల దగ్గర చెడిన బండ్లు, వాటిని చేత్తో తడిమి చెప్పగల అనుభవం ఉన్నాయి. వచ్చే సెలవుల్లో మీ ఊరి షెడ్డుకి వెళ్లి, ఏదైనా పార్టు మార్చబోయే ముందు ఒక్క అరగంట అడగండి. ఆ అరగంటతో ఒక కుటుంబానికి మూడు నెలల కంతులు మిగలొచ్చు.